పట్టిన భాగమల్లా సరైన భాగం కాదు

పిల్లలూ! మీ ఊళ్లో అంబాసిడర్ కారు ఎక్కడైనా మిగిలి ఉందా? ఒకప్పుడు మా విజయనగరంలోనూ, శ్రీకాకుళంలోనూ టాక్సీ అంటే అదే. 2014లో దాని తయారీ ఆగిపోయింది. ఈసారి పాత పెట్రోలు అంబాసిడర్ కనబడితే, యజమానిని అడిగి బానెట్ ఎత్తించి చూడండి. మీ కళ్ల ముందున్నది ఒక పేరుపొందిన స్పోర్ట్స్ కారు ఇంజనుకి దగ్గర చుట్టం!

ఆ స్పోర్ట్స్ కారు పేరు ఎం.జి.ఎ. ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో 1955 నుంచి 1962 వరకు అలాంటివి లక్షకు పైగా తయారయ్యాయి. మొదట్లో దానికి అమర్చిన ‘బి–సిరీస్’ ఇంజనునే బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ మామూలు కార్లకు కూడా వాడింది. ఆ ఇంజనే కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో తయారైన మన అంబాసిడర్‌కీ వచ్చింది.

మరి ఎవరైనా ఒక పాత ఎం.జి.ఎ.ను పుట్టినప్పుడు ఉన్నట్టుగా బాగుచేయాలనుకుంటే? మన పాత సామాన్ల కొట్లో దొరికే అంబాసిడర్ భాగాలు పనికొస్తాయా? లెక్క వేసి చూద్దాం.

ఒకే కొలత, వేరు బలం

రెండు ఇంజన్లలోనూ సిలిండర్లు నాలుగు. సిలిండరు వ్యాసం 7.3025 సెంటీమీటర్లు. పిస్టను పైకీ కిందకీ కదిలే దూరం 8.89 సెంటీమీటర్లు. వ్యాసార్థాన్ని వర్గం చేసి, 3.1416తో, ఎత్తుతో గుణించండి. ఒక్కో సిలిండరుకి సుమారు 372 ఘన సెంటీమీటర్లు వస్తుంది. నాలుగింటికీ కలిపి 1489. రెండు కార్లకూ అదే అంకె!

అయినా ఎం.జి.ఎ. ఇంజను 72 అశ్వశక్తుల దాకా ఇచ్చేది. అంబాసిడర్‌ది అంతకంటే చాలా తక్కువ. ఎందుకని? ఒక కారణం సంపీడన నిష్పత్తి. పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమాన్ని ఎన్నో వంతుకు నొక్కుతున్నామో చెప్పే అంకె అది. ఎం.జి.ఎ.లో 8.3, అంబాసిడర్‌లో 7.2. పిస్టను పూర్తిగా పైకి వెళ్లాక మిగిలే ఖాళీ మొదటిదానిలో సుమారు 51 ఘన సెంటీమీటర్లు, రెండోదానిలో 60. తేడా తొమ్మిదే. రెండు చిన్న చెంచాల నీళ్లంత! పిస్టను తల ఆకారం, సిలిండరు హెడ్డులోని గుంట ఈ ఖాళీని నిర్ణయిస్తాయి. తక్కువ నిష్పత్తికి చేసిన పిస్టనును తెచ్చి వేస్తే సిలిండరులో చక్కగా కూర్చుంటుంది. ఇంజనూ తిరుగుతుంది. కానీ కారు పాత పరుగు తీయదు.

నేను చేసిన తప్పు

కాలేజీలో చదివే రోజుల్లో, వేసవి సెలవులకి మా మేనమామ గారింటికి వెళ్లాను. ఆయన అంబాసిడర్ ఇంజను మీద ఒక నట్టు పడిపోయింది. ‘‘నేను బిగిస్తాను మావయ్యా’’ అని బజారుకి పరుగెత్తి 8 మిల్లీమీటర్ల నట్టు కొనుక్కొచ్చాను. రెండు చుట్లు సులువుగా తిరిగింది. తర్వాత బిగుసుకుంది. నేను ఊరుకున్నానా? పెద్ద స్పానరు పెట్టి బలంగా లాగాను. నట్టు దిగింది గానీ, లోపలి మరచుట్లన్నీ చితికిపోయాయి.

మెకానిక్కు చూసి నవ్వలేదు. ‘‘బాబూ, ఇది అంగుళాల మర. నువ్వు తెచ్చింది మిల్లీమీటర్లది. బలంతో చుట్టరికం కుదరదు’’ అన్నాడు. పాడైన మరను పీకి వేరేది వేయడానికి ఆయనకి ఒక పూటంతా పట్టింది.

ఆయన మాటలో ఎంత లెక్క ఉందో తర్వాత తెలిసింది. ఆ పాత మర మందం అంగుళంలో 16వ వంతులు 5. అంటే 7.94 మిల్లీమీటర్లు. నా నట్టుది 8. కంటికి తేడా తెలియదు. కానీ పాత మరకి అంగుళానికి 24 చుట్లు. చుట్టుకీ చుట్టుకీ మధ్య 1.06 మిల్లీమీటర్లు. నా నట్టులో ఆ దూరం 1.25. నాలుగు చుట్లు తిరిగేసరికి ఒకటి 4.23 మిల్లీమీటర్లు, మరొకటి 5 మిల్లీమీటర్లు నడవాలి. ఎలా కలుస్తాయి?

మరో చిక్కు చూడండి. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన మరల కోణం 55 డిగ్రీలు. 1948లో బ్రిటన్, అమెరికా, కెనడా ఒప్పుకొన్న మరల కోణం 60 డిగ్రీలు. అందుకే పాత కారు బాగుచేసేవారు మొదట వెతకాల్సింది భాగాన్ని కాదు, దాని పుట్టుపూర్వోత్తరాలను. ఇంజను మీద చెక్కిన అంకెలు అందుకు జాతకం లాంటివి. తొలి ఎం.జి.ఎ. ఇంజను నంబరులో ‘15 జి.బి.’ అనే గుర్తు కనిపిస్తుంది. 15 అంటే ఒకటిన్నర లీటర్లు.

పాతదంతా మంచిదా?

ఇక్కడొక ప్రశ్న. అన్నీ పాతవే వేయాలా? అక్కర్లేదు. ఆ రోజుల్లో పెట్రోలులో సీసం కలిపేవారు. అది కాలగా మిగిలిన పదార్థం వాల్వు కూర్చునే చోట పలుచని పొరగా ఏర్పడి, అరుగుదల ఆపేది. కానీ సీసం పొగలో కలిసి పిల్లల మెదడుకి హాని చేస్తుంది. అందుకని మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆపేశారు. సీసం లేని పెట్రోలుతో పాత ఇంజనును వేగంగా నడిపితే ఆ చోటు అరిగిపోతుంది. అందుచేత అక్కడ గట్టి లోహపు వలయాలు బిగిస్తారు. బయటికి కనబడవు, ఇంజను బతుకుతుంది.

ఎం.జి. కార్లకు ఇంగ్లండులో నేటికీ కొన్ని భాగాలు కొత్తగా చేస్తున్నారు. అన్నీ దొరకవు. పాత ఇనుము కొట్టుకి చేరి కరిగిపోయిన భాగం మళ్లీ రాదు. కొలవకుండా బిగించి పాడుచేసిన భాగమూ అంతే.

మీరూ చేసి చూడండి. సైకిలు షాపు నుంచి నాలుగైదు పాత బోల్టులు తెచ్చుకోండి. ఒక్కోదాని మీద పది చుట్ల పొడవును స్కేలుతో కొలిచి, పదితో భాగించండి. ఏవి చుట్టాలో, ఏవి పైకి మాత్రమే చుట్టాల్లా ఉన్నాయో మీకే తెలుస్తుంది. నేను స్పానరు పట్టుకునే ముందు స్కేలు పట్టుకుని ఉంటే, ఆ వేసవిలో మావయ్య కారు ఒక పూట మూలపడేది కాదు.