కింద పడింది తినొచ్చా?



టిఫిన్ డబ్బాలోంచి పుచ్చకాయ ముక్క జారి వరండాలో పడుతుంది. "అయిదు సెకన్లు కాలేదు, ఏం కాదు" అంటూ పిల్లలు గబుక్కున నోట్లో వేసుకుంటారు. నిజంగా ఏం కాదా?

అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో దీన్ని పరీక్షించారు. పుచ్చకాయ, బ్రెడ్, వెన్న రాసిన బ్రెడ్, జెల్లీ మిఠాయిలను బ్యాక్టీరియా పూసిన స్టీలు, టైలు, చెక్క, కార్పెట్‌లపై వేసి చూశారు. ఎక్కువసేపు ఉంటే ఎక్కువ అంటుకుంది. అయితే ఒక్క సెకను లోపే అంటుకోవడమూ కనిపించింది. అన్నిటికన్నా ఎక్కువగా అంటింది తడి పుచ్చకాయకే.

అందుకే సెకన్లు లెక్కపెట్టే ముందు ఏది పడింది, ఎక్కడ పడింది అని చూడండి. తుడిచిన గదిలో పడ్డ సకినం వేరు, అందరూ తిరిగే వాకిట్లో పడ్డ పెరుగన్నం వేరు. మట్టిలో నులిపురుగుల గుడ్లు ఉండొచ్చు. అవి కంటికి కనిపించవు, ఊదితే పోవు. బడుల్లో పిల్లలకు అల్బెండజోల్ మాత్రలు వేసేది ఈ పురుగుల కోసమే.

అన్నం పరబ్రహ్మమని మన మేడిపల్లి ఇళ్లలో పెద్దలు మెతుకు కూడా తొక్కనివ్వరు. ఆ మర్యాద పోనక్కర్లేదు. పడ్డ ముద్దను పిల్లలతోనే ఎత్తించి కోళ్లకు వేయించండి. సబ్బుతో చేతులు కడిగించి, ఇంకో ముద్ద పెట్టండి.