దిగ్గజాలతో పోటీ: డెవలపర్ ముందుగా వేసుకోవాల్సిన లెక్కలు

బెంగళూరులో కోడ్ రాసే తెలుగువాళ్లు నలుగురు కూర్చుంటే ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుంది: "పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్ రాసేది మనమే కదా, మనమే సొంతంగా ఎందుకు పెట్టకూడదు?" న్యాయమైన ప్రశ్నే. జర్మనీకి చెందిన సాఫ్ట్‌వేర్ సంస్థ శాప్ 1998లోనే ఇక్కడ ల్యాబ్స్ తెరిచింది. నైపుణ్యానికి ఈ ఊళ్లో కొదవ లేదు. తెలుసుకోవాల్సింది డబ్బు లెక్క.

ఎంటర్‌ప్రైజ్ సాఫ్ట్‌వేర్ అంటే సంస్థలు తమ ఖాతాలు, జీతాలు, సరుకు నిల్వలు చూసుకోవడానికి కొనే సాఫ్ట్‌వేర్. దీని ఖరీదు ఎలా ఉంటుందో, ఆ లెక్కలన్నీ దాచే డేటాబేస్‌నే ఉదాహరణగా చూద్దాం. ఒరాకిల్ డేటాబేస్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌కు ధరల పట్టికలో ఏళ్లుగా ఉన్న రేటు ప్రాసెసర్ లైసెన్సుకు 47,500 డాలర్లు. డాలరు 85 రూపాయల చొప్పున 40 లక్షల పైమాటే. దానిపై సపోర్టు కోసం ఏటా 22 శాతం, అంటే దాదాపు 8.9 లక్షలు కట్టాలి. 40 లక్షలు పెట్టి ఫ్లాట్ కొని, నెలకు 74 వేలు మెయింటెనెన్స్ కట్టినట్టు. ఐదేళ్లు తిరక్కముందే ఆ మెయింటెనెన్స్ ఫ్లాట్ ఖరీదును దాటిపోతుంది.

అలాంటప్పుడు పోస్ట్‌గ్రెస్ లాంటి ఉచిత డేటాబేస్‌కు అందరూ ఎందుకు మారిపోరు? మారడానికీ ఖర్చవుతుంది కాబట్టి. పదేళ్ల లెక్కలు కొత్తచోటికి తేవాలి, సిబ్బందికి మళ్లీ నేర్పాలి, అర్ధరాత్రి సర్వర్ ఆగితే ఫోన్ ఎత్తే మనిషి ఉండాలి. పెద్ద కంపెనీలకు అసలు రక్షణ ఈ భయమే. వాళ్ల కోడ్ కంటే మంచి కోడ్ రాసినంత మాత్రాన కొనేవాడు కదలడు.

కదిలించే దారి ఏది? బెంగళూరులోనే పాఠం ఉంది. 1986లో శ్యామ్‌సుందర్ గోయెంకా, ఆయన కుమారుడు భరత్ గోయెంకా మొదలుపెట్టిన సంస్థే నేటి ట్యాలీ. అప్పటి అకౌంటింగ్ ప్యాకేజీల్లో ప్రతి ఖాతాకూ ఒక నంబరు కోడ్ గుర్తుపెట్టుకోవాలి. ట్యాలీలో గుమాస్తా తన చిట్టాలో రాసుకున్నట్టే ఖాతా పేరు టైపు చేస్తే చాలు. ఇబ్బంది తొలగింది యజమానికి కాదు, రోజూ పద్దులు రాసేవాడికి. ఈరోజు మన చిన్న పట్టణాల్లో కూడా 'ట్యాలీ నేర్పబడును' అనే బోర్డు కనిపిస్తుంది. నేర్చుకున్నవాళ్లు ఊరూరా ఉంటే యజమానికి మారాలంటే భయం ఉండదు.

రెండో ఉదాహరణ పోస్ట్‌మ్యాన్. ఒక సాఫ్ట్‌వేర్ మరో సాఫ్ట్‌వేర్‌తో సమాచారం ఇచ్చిపుచ్చుకునే దారిని ఏపీఐ అంటారు. దాన్ని పరీక్షించడానికి అభినవ్ ఆస్థానా 2012లో క్రోమ్ బ్రౌజర్‌కు చిన్న ఉచిత పొడిగింపు రాశారు. డెవలపర్లు ఒకరికొకరు చెప్పుకుని వాడారు. 2014లో అది కంపెనీ అయింది. 2021 నాటికి పెట్టుబడిదారులు దానికి కట్టిన విలువ 560 కోట్ల డాలర్లు, అప్పటి మారకం ప్రకారం 41 వేల కోట్ల రూపాయల పైచిలుకు. కొనుగోలు విభాగం తలుపు తట్టడానికి ముందే అది పనిచేసేవాళ్ల చేతుల్లోకి చేరిపోయింది.

ఉచితంగా ఇస్తే ఇల్లెలా గడుస్తుంది? ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా చూసి వాడుకోగల కోడ్, ఉచితంగా ఇచ్చినా దాన్ని నడిపిపెట్టడం, బ్యాకప్, సపోర్టు ఉచితం కాదు. ఈ పద్ధతిలో ఎదిగిన రెడ్‌హ్యాట్‌ను ఐబీఎం 2019లో 3,400 కోట్ల డాలర్లకు కొన్నది.

మరి ఆ కోడ్‌నే పెద్ద క్లౌడ్ కంపెనీ తీసుకుని అమ్ముకుంటే? ఈ ముప్పు నిజమే. 2021లో ఎలాస్టిక్ సంస్థ ఇందుకే తన లైసెన్సు షరతులు మార్చింది. వెంటనే అమెజాన్ పాత కోడ్‌తో ఓపెన్‌సెర్చ్ పేరుతో వేరు కుంపటి పెట్టుకుంది. లైసెన్సు ఏదన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. తర్వాత మారిస్తే నమ్మినవాళ్లు దూరమవుతారు.

ఇక మన ఇంటి లెక్క. ఐదుగురి బృందం, తలకు నెలకు లక్షన్నర జీతం అనుకుందాం: ఏడున్నర లక్షలు. సర్వర్లు, అద్దె, పన్నులకు లక్షన్నర వేసుకుంటే మొత్తం 9 లక్షలు. నెలకు 2 వేలు కట్టే ఖాతాదారులు 450 మంది ఉంటే ఖర్చులు వెళ్లిపోతాయి. ఒక్క రైస్ మిల్లుల రంగాన్నో, డయాగ్నస్టిక్ ల్యాబులనో పట్టుకుంటే ఈ సంఖ్య అందనిదేమీ కాదు. ఒరాకిల్ మొత్తాన్ని ఓడించక్కర్లేదు, అందులో ఒక్క పనిని బాగా చేస్తే చాలు.

సాయం చేసేవాళ్లూ ఉన్నారు. బెంగళూరు బ్రోకరేజీ సంస్థ జెరోధా 2024లో ఓపెన్ సోర్స్ కోసం ఏటా 10 లక్షల డాలర్ల నిధి ప్రకటించింది. ఒక్కో ప్రాజెక్టుకు 10 వేల నుంచి లక్ష డాలర్ల వరకు ఇస్తామంది.

కాబట్టి ఉద్యోగం మానేసే ముందు ఒక పని చేయండి. మీరు ఎంచుకున్న రంగంలో రోజూ పద్దులు రాసే పదిమందిని కలిసి, ఏ పని దగ్గర విసుగొస్తోందో అడగండి. వాళ్ల డేటా ఎప్పుడు కావాలన్నా వెనక్కి తీసుకుపోవచ్చని రాతపూర్వకంగా హామీ ఇవ్వండి. కొత్తవాడిని నమ్మాలంటే కొనేవాడికి ముందు కావాల్సింది ఆ భరోసాయే.