స్కాన్ ఆగినా అయస్కాంతం ఆగదు

“రాత్రి మిషన్ ఆపేసినాకే కదా బాబూ మేం తుడిసేది, మాకేటవుతాది?” విశాఖలోని ఒక ఆసుపత్రిలో ఔట్‌సోర్సింగ్‌పై పనిచేస్తున్న పారిశుద్ధ్య కార్మికురాలు మాతో అన్న మాట ఇది. పేషెంట్ బయటికెళ్లి, లైట్లు ఆర్పేశాక ఎంఆర్ఐ కూడా ఆగిపోతుందని ఆమె అనుకుంటున్నారు. ఆమెను తప్పుపట్టలేం. రోజూ తుడిచే ఆ గది గురించి ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఎంఆర్ఐలోని అయస్కాంతం ఆగదు. ద్రవ హీలియంలో సుమారు మైనస్ 269 డిగ్రీల చలిలో ఉంచిన తీగచుట్టలో విద్యుత్తు తిరుగుతూనే ఉంటుంది. ఊళ్లో కరెంటు పోయినా, అర్ధరాత్రయినా అంతే. ఆసుపత్రుల్లో ఎక్కువగా ఉండే 1.5 టెస్లా యంత్రం బలం భూమి అయస్కాంత బలానికి దాదాపు 30 వేల రెట్లు. స్కాన్ అయిపోతే ఆగేది ఆ టకటక చప్పుడే. గుమ్మం దగ్గర లాగుడు పెద్దగా తెలియదు. నాలుగడుగులు వేశాక ఇనుప బకెట్టయినా, వీల్‌చైరయినా చేతిలో నిలవదు.

2018 జనవరి 27న ముంబయి నాయర్ ఆసుపత్రిలో జరిగిందిదే. బంధువుకు తోడుగా వచ్చిన 32 ఏళ్ల యువకుడు ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని స్కాన్ గదిలోకి వెళ్లాడు. సిలిండర్‌తో సహా అతన్ని యంత్రం లాగేసింది, ప్రాణం పోయింది. మిషన్ ఆపేసే ఉంది, ఫర్వాలేదని సిబ్బందే చెప్పారని కుటుంబం ఆరోపించింది. పోలీసులు అరెస్టు చేసినవారిలో డాక్టరుతో పాటు వార్డుబాయ్ కూడా ఉన్నాడు. అంతకు ముందు 2014లో నవీ ముంబయిలో టాటా మెమోరియల్‌కు చెందిన కేంద్రంలో సిలిండర్‌కూ యంత్రానికీ మధ్య ఇద్దరు సిబ్బంది గంటల తరబడి ఇరుక్కుపోయారు. సిలిండర్ మోసేదెవరు, స్ట్రెచర్ తోసేదెవరు, నేల తుడిచేదెవరు? ఈ పనుల్లో మేం కలిసినవాళ్లలో ఎక్కువమంది దళితులే. ప్రమాదానికి అందరికంటే దగ్గరగా ఉండేదీ, కేసయితే ముందు దొరికేదీ వీళ్లే.

విశాఖలో ఇంకో ప్రమాదం ఉంది. స్టీల్‌ప్లాంట్, షిప్‌యార్డ్, ఆటోనగర్ షెడ్లలో గ్రైండింగ్, వెల్డింగ్ చేసేవారి కంట్లో సన్నటి ఇనుప రవ్వ పడి, ఏళ్ల తరబడి తెలియకుండా ఉండిపోవచ్చు. ఎంఆర్ఐలో అది కదిలితే చూపే పోవచ్చు. అందుకే స్కాన్‌కు ముందు “ఏం పని చేస్తారు, ఎప్పుడైనా కంట్లో ఇనుము పడిందా” అని అడగాలి. అనుమానముంటే కంటికి ఎక్స్‌రే తీయాలి. పేస్‌మేకర్, మెదడులో వేసిన క్లిప్, చెవిలో పెట్టిన పరికరం, ఎముకలో రాడ్ గురించి కూడా అడగాలి. రాడ్లు చాలావరకు ఇబ్బంది పెట్టవు గానీ చెప్పి తీరాలి. చీరకున్న పిన్నీసు, మొలతాడుకు కట్టిన తాళంచెవి తీసేయాలి. బంగారాన్ని అయస్కాంతం లాగదు కానీ వేడెక్కి చర్మం కాలవచ్చు, కాబట్టి అదీ తీసేయాలి. ఈ ప్రశ్నలన్నీ ఇంగ్లిషు ఫారంలో ఉంటే, ఏజెన్సీ నుంచి వచ్చిన మనిషి వేలిముద్ర వేసేది దేనికి?

ఎక్స్‌రే, సీటీ యంత్రాలపై అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షణ ఉంటుంది. ఎంఆర్ఐలో ఆ రకం రేడియేషన్ ఉండదు కాబట్టి అది మండలి పరిధిలోకి రాదు. భారమంతా ఆసుపత్రిదే. అసలు చేయాల్సింది మరీ ఖరీదైనదేం కాదు. ఎంఆర్ఐ గదికి ముందు మరో తలుపుండాలి, అక్కడ శిక్షణ ఉన్న ఒక మనిషి ఉండాలి. చేతితో పట్టుకునే అయస్కాంతంతో ప్రతి వస్తువునూ పరీక్షించాలి. ఆ గదికంటూ ఇనుము లేని స్ట్రెచర్, అల్యూమినియం సిలిండర్, ప్లాస్టిక్ బకెట్టు విడిగా ఉండాలి.

శిక్షణ సంగతి అడిగితే మేం వెళ్లిన చోట ఏజెన్సీని అడగమన్నారు. ఏజెన్సీ వాళ్లేమో ఆసుపత్రినే అడగమన్నారు. ప్రభుత్వ ఆసుపత్రులకు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థులు దరఖాస్తు పెట్టవచ్చు. ఎంఆర్ఐ భద్రతపై చివరి శిక్షణ ఏ తేదీన జరిగింది, హాజరు పట్టీలో ఔట్‌సోర్సింగ్ కార్మికుల పేర్లున్నాయా, రాత్రి షిఫ్టులో ఆ తలుపు తాళం ఎవరి దగ్గర ఉంటుంది అన్న మూడు ప్రశ్నలతో మేం ఒకటి సిద్ధం చేస్తున్నాం.