రాబడి తగ్గిన వేళ రాష్ట్ర బడ్జెట్టు

రాష్ట్ర ప్రభుత్వపు బడ్జెట్టు నిజమునకు ఒక అంచనా. రాజ్యాంగములోని 202వ అధికరణము ననుసరించి ప్రతి సంవత్సరము శాసనసభ ముందుంచు ఆ పట్టికలో, ఏప్రిల్ మొదలు మరుసటి మార్చి వరకు ఎంత రాబడి వచ్చునో, ఎంత వ్యయమగునో ముందుగా లెక్కకట్టుదురు. వ్యయము చాలవరకు నిశ్చితము, రాబడి కాదు. అంచనా తప్పి రాబడి తగ్గినపుడు ప్రభుత్వమునకు గల మార్గము లేవి?

రాష్ట్రమునకు స్వంత రాబడి ప్రధానముగా వస్తుసేవల పన్ను, పెట్రోలు డీజిలులపై అమ్మకపు పన్ను, మద్యముపై ఎక్సైజు సుంకము, రిజిస్ట్రేషన్లు, వాహనముల పన్నుల వలన లభించును. వీనికి తోడు కేంద్ర పన్నులలో వాటా, గ్రాంట్లు కలవు. వ్యాపారము మందగించినచో వీనిలో పెక్కు ఒక్కసారిగా తగ్గును. కాని జీతములు, పింఛనులు, పాత అప్పులపై వడ్డీ తగ్గవు. అందుచేత కోత సాధారణముగా రోడ్లు, కాలువలు, పాఠశాల భవనముల మీద పడును. ఆ నష్టము ఆ యేట ఎవరికిని కానరాదు. కాలువకు గండి పడిననాడు కానవచ్చును.

అప్పు తెత్తమన్నను హద్దు లున్నవి. నోట్లు ముద్రించు అధికారము రాష్ట్రములకు లేదు. కేంద్రమునకు బాకీయున్న రాష్ట్రము క్రొత్త అప్పు చేయుటకు 293వ అధికరణము ప్రకారము కేంద్రపు అనుమతి పొందవలెను. దినదినము తటస్థించు నగదు కొరతకు రిజర్వు బ్యాంకు చేబదులు వంటి అడ్వాన్సు నిచ్చును గాని, దానిని మూడు నెలలలోపల తీర్చవలెను. అది రాబడి కాదు.

2020వ సంవత్సరమున ఈ సంగతు లన్నియు ఒక్కమారుగా అనుభవమునకు వచ్చినవి. మార్చి చివరి వారములో కరోనా వ్యాధి కారణమున దేశమంతటను దుకాణములు మూతపడెను. రాష్ట్రముల రాబడి పడిపోయెను. ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు అడ్వాన్సుల పరిమితిని నూటికి 60 వంతులు పెంచినది. ఓవర్‌డ్రాఫ్టులో వరుసగా నుండదగిన గడువును 14 దినముల నుండి 21 దినములకు పొడిగించినది. తరువాత కేంద్రము ఆ సంవత్సరపు అప్పు పరిమితిని రాష్ట్ర స్థూలోత్పత్తిలో నూటికి 3 నుండి 5 వరకు పెంచి, అందు కొంత భాగమునకు సంస్కరణల షరతులు విధించినది.

ఈలోగా మార్చి 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము జీతములలోను, పింఛనులలోను కొంత భాగమును వాయిదా వేయుచు ఉత్తర్వు వెలువరించినది. నాల్గవ తరగతి ఉద్యోగులకు పదింట ఒక వంతు, తక్కిన ఉద్యోగులలో పెక్కురకు సగము నిలిచిపోయెను. తెలంగాణలోను ఇట్టి చర్యయే జరిగినది. ఖజానాకు ఊపిరి దొరకినమాట వాస్తవమే. కాని పింఛను మీద బ్రతుకు వృద్ధునకు మందుల ఖర్చు సగమునకు తగ్గదు. ఇంటి అద్దె వాయిదా పడదు.

విషయము న్యాయస్థానమునకు వెళ్లినది. నిలిపిన సొమ్మును నూటికి 12 చొప్పున వడ్డీతో చెల్లింపుమని 2020 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము ఆదేశించెను. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6కు తగ్గించినది గాని, చెల్లింపవలెనన్న ధర్మమును మార్చలేదు. అనగా నాడు మిగిలినట్లు తోచిన ధనము, వడ్డీతోకూడిన అప్పుగా తిరిగి వచ్చినది.

కావున బడ్జెట్టు పత్రములు వెలువడినపుడు పౌరుడు మొత్తపు అంకెను మాత్రమే చూచి తృప్తిపడరాదు. గత సంవత్సరపు అంచనాకును, సవరించిన అంచనాకును, అంతకు ముందటి యేటి అసలు లెక్కకును గల భేద మెంత? చేసిన అప్పు కాలువలకు పోయినదా, జీతములకు పోయినదా? చెల్లింపక నిలిపిన బిల్లు లెన్ని? ఈ మూడు ప్రశ్నలకు జవాబు లభించినచో రాష్ట్రపు ఆర్థికస్థితి బోధపడును.

లోటు తీర్చుటకు మార్గములు మూడే: పన్ను పెంచుట, వ్యయము తగ్గించుట, తీర్చగల మేరకు అప్పు చేయుట. ప్రతిదానికిని భారము వహించువా రుందురు. ఆ భారము నెవరిపై నుంచుటయో శాసనసభ బహిరంగముగా నిర్ణయింపవలెను. వాయిదా నాల్గవ మార్గము కాదు. అది ఆ నిర్ణయమును రేపటికి నెట్టుట మాత్రమే.