మంచు కోసం పుట్టి బురదలో బతికిన బండ్లు

కోతల వేళ వాయుగుండం పట్టిందంటే గోదావరి డెల్టాలో రైతు మొదట అడిగేది "చైన్ మిషన్ దొరుకుతుందా?" అనే. టైర్ మిషన్‌కి అద్దె తక్కువే కానీ తడిచేలో దిగితే ఇరుసు దాకా కూరుకుపోతుంది. చైన్ మిషన్ గంటకి ఎక్కువ పుచ్చుకున్నా, నీళ్లు నిలిచిన మడిలో పడిపోయిన వరిని కూడా కోసుకుంటూ పోతుంది. యానాం పక్కన కనకాలపేట, మెట్టకూరు చేలల్లోనైనా, తాళ్లరేవు, కాజులూరు వైపైనా ఇదే మాట. ఆ మిషన్ కింద తిరిగే నల్లటి రబ్బరు పట్టాకి పెద్ద చరిత్ర ఉంది. దాని పూర్వీకులు వరిచేను ఎరగరు. రష్యా చక్రవర్తి గ్యారేజీలో, మంచు మీద కారు నడవాలని పుట్టారు. పుట్టించినవాడు ఫ్రెంచివాడు. అప్పట్లో యానాం కూడా ఫ్రెంచివాళ్లదే.

జారు చక్రవర్తి కారుకి మెత్తటి పట్టా

అడాల్ఫ్ కెగ్రెస్ 1879లో ఫ్రాన్సులోని ఎరికూర్‌లో పుట్టాడు. కుర్రతనంలోనే రష్యా వెళ్లి, రెండో నికొలస్ చక్రవర్తి కార్ల బాగోగులు చూసే పనిలో కుదిరాడు. రష్యా చలికాలంలో కారు బయటికి తీస్తే చక్రాలు మంచులో గిర్రున తిరుగుతాయే తప్ప బండి కదలదు. కెగ్రెస్ వెనక చక్రాలు తీసేసి, వాటి చోట చిన్న చిన్న చక్రాల చుట్టూ తిరిగే మెత్తటి పట్టా బిగించాడు. ముందు చక్రాలకి కావాలంటే స్కీ పలకలు. ఇనుప పట్టాలు అప్పటికే వ్యవసాయ ట్రాక్టర్లకి ఉన్నాయి. కానీ అవి బరువు, మోత ఎక్కువ, వేగం తక్కువ. వంగే పట్టా మీద కారు కారులాగే పరుగెత్తింది. కొద్దికాలానికే ఆస్టిన్ కవచ బండ్లకీ ఇదే పట్టా తొడిగి యుద్ధంలోకి దించారు.

1917 విప్లవంతో కెగ్రెస్ ఇల్లు సర్దుకుని ఫ్రాన్సుకి వెళ్లిపోయాడు. ఆయన పట్టా మాత్రం రష్యాలోనే ఉండిపోయింది. చక్రవర్తిని దించిన లెనిన్ కూడా చలికాలంలో కెగ్రెస్ పట్టాలున్న రోల్స్‌రాయిస్‌లోనే తిరిగాడు. ఆ కారు మాస్కో దగ్గర గోర్కి లెనిన్‌స్కియె మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. ముందు స్కీలు, వెనక పట్టాలు, మధ్యలో రోల్స్‌రాయిస్ దర్జా.

చదరపు సెంటీమీటరు లెక్క

మంచు గానీ బురద గానీ బండిని అడిగేది ఒకటే: నీ బరువు ఎంత జాగా మీద పరిచావు? మామూలు కారు టైరు నేలని చదరపు సెంటీమీటరుకి దాదాపు 2 కిలోల బరువుతో నొక్కుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా చేసిన వీజిల్ అనే మంచుబండి నొక్కుడు సుమారు 0.13 కిలోలే. అది నడిచే మనిషి అడుగు నొక్కుడు కన్నా తక్కువ. మనిషి మోకాలి దాకా దిగబడే చోట, టన్నున్నర పైబడి బరువున్న ఆ బండి పైపైన సాగిపోతుంది.

పట్టా బండికి అసలు శత్రువు దాని లోపలే ఉంటుంది. పట్టాని తిప్పే పళ్ల చక్రం సందుల్లో మంచు చేరి, నలిగి, రాయిలా గట్టిపడుతుంది. పట్టా బిగిసిపోయి చివరికి పళ్ల మీంచి జారి ఊడిపోతుంది. మన చైన్ మిషన్‌కీ ఇదే రోగం. మంచు బదులు బంకమట్టి, గడ్డిపోచలు. కోత ముగిశాక డ్రైవరు ఇనుప ఊచతో చక్రాల సందుల్లో మట్టి పొడిచి పొడిచి తీస్తుంటాడు. ఆ పని మర్నాటికి వదిలేస్తే మట్టి ఎండి ఇటుకలా తయారవుతుంది. తారురోడ్డు మీద నడిపితే రబ్బరు అరిగిపోతుందని ఊరు మారేటప్పుడు మిషన్‌ని లారీ ఎక్కిస్తారు. మంచుబండ్లకీ దూరప్రయాణమైతే రైలో, లారీయో, ఓడో కావలసిందే.

యానాం పెళ్లిళ్లూ గిల్గిట్ దారీ ఒకే కాలం

కెగ్రెస్ పట్టాని కార్ల తయారీదారు ఆంద్రె సిట్రోయెన్ తన కార్లకి తీసుకున్నాడు. ఆ కార్లు 1922 డిసెంబరు 17న తుగ్గూర్త్‌లో బయల్దేరి సహారా దాటి 1923 జనవరి 7న టింబక్టు చేరాయి. మంచు కోసం పుట్టిన పట్టా మొదటి పెద్ద పేరు ఇసుకలో తెచ్చుకుంది.

తరవాత ఆ కార్ల మరో యాత్ర మన గడప దాకా వచ్చింది. 1931 ఏప్రిల్‌లో జార్జ్ మరీ హార్ట్ నాయకత్వంలో ఒక బృందం బీరూట్ నుంచి చైనా వైపు కదిలింది. సోవియట్ ప్రభుత్వం తన నేల మీద దారి ఇవ్వనంది. దాంతో బండ్లు బ్రిటిష్ ఇండియా మీదుగా శ్రీనగర్ చేరి, హిమాలయాల్లో గిల్గిట్ దారి పట్టవలసి వచ్చింది. అది గుర్రాలు, కంచరగాడిదలు నడిచే కాలిబాట. 4,100 మీటర్ల పైనున్న బుర్జిల్ కనుమలో మంచు. బాట మరీ ఇరుకైన చోట బండిని విప్పి, ముక్కలు కూలీల వీపుల మీద మోయించి, అవతల మళ్లీ బిగించారు. ఒకచోట కట్ట జారిపోయి ఒక బండి సగం గాలిలో వేలాడింది. తాళ్లు కట్టి వెనక్కి లాగారు. గిల్గిట్ దాకా వచ్చినవి రెండే బండ్లు. ఆ పైన బృందం గుర్రాల మీద సాగి, చైనా వైపు నుంచి ఎదురొచ్చిన మరో బృందంతో కలిసింది. 1932 ఫిబ్రవరిలో పెకింగ్ చేరారు. హార్ట్ మాత్రం తిరుగు దారిలో మార్చిలో హాంకాంగ్‌లో జబ్బుచేసి చనిపోయాడు.

అదే కాలంలో యానాం మరో రకంగా కిటకిటలాడింది. 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చాక, బాల్యవివాహం చేయదలచిన ఇరుగుపొరుగు బ్రిటిష్ జిల్లాల వాళ్లు ఆ చట్టం వర్తించని ఫ్రెంచి యానాం వచ్చి పెళ్లిళ్లు జరిపించారు. సరిహద్దు కొందరికి అడ్డు, కొందరికి దారి. అక్కడ సోవియట్ సరిహద్దు ఫ్రెంచి కార్లని హిమాలయాలు ఎక్కించింది. ఇక్కడ ఫ్రెంచి సరిహద్దు పెళ్లిబళ్లని యానాం చేర్చింది. ఆ పసిపిల్లల సంగతి తలచుకుంటే మాత్రం మనసు కలుక్కుమంటుంది.

సిట్రోయెన్ కెగ్రెస్ బండిని అమెరికా సైన్యం 1931లో కొని పరీక్షించింది. దాన్ని పెంచి పెద్దచేసినవే రెండో ప్రపంచయుద్ధంలో ఎక్కడ చూసినా కనబడిన అమెరికన్ హాఫ్‌ట్రాక్‌లు.

మౌంట్‌బాటన్ బల్ల మీదికి వచ్చిన ఊహ

మన ఆఖరి బ్రిటిష్ వైస్రాయిగా అందరికీ తెలిసిన మౌంట్‌బాటన్ 1942లో బ్రిటన్‌లో కంబైన్డ్ ఆపరేషన్స్ అధిపతి. ఆయన దగ్గరికి జెఫ్రీ పైక్ అనే ఊహాశాలి ఒక పథకం తెచ్చాడు. జర్మన్లు ఆక్రమించిన నార్వే మంచుకొండల్లో కొద్దిమంది సైనికుల్ని దించాలి, వాళ్లకి మంచు మీద పరుగెత్తే బండ్లు ఇవ్వాలి. శత్రువుకి అలాంటి బండ్లు ఉండవు కాబట్టి పెద్ద సేనలు ఈ కొద్దిమందిని తరుముతూ అక్కడే చిక్కుకుపోతాయి. బండి తయారీ అమెరికాలో స్టూడ్‌బేకర్ కార్ల కంపెనీకి అప్పగించారు. అలా పుట్టిందే వీజిల్.

నార్వే దాడి జరగనే లేదు. పనిలేక మూలపడవలసిన బండికి మాత్రం చేతినిండా పని దొరికింది. ఇటలీ బురదలో మోసింది. 1944 నవంబరులో హాలండ్‌లోని వాల్‌చరెన్ దీవిలో, కట్టలు తెగి మునిగిన పొలాల మధ్య తిరిగింది. ఐవో జిమాలో అగ్నిపర్వతపు బూడిద మీద సాగింది. నీళ్ల మీద తేలే రకం కూడా చేశారు. అన్నీ కలిపి 15,000 దాకా తయారయ్యాయి. మంచుబండిగా పుట్టింది కాస్తా యుద్ధమంతా లంకల్లో, పర్రల్లో తిరిగే బండి అయింది. వాల్‌చరెన్ లాంటి పల్లపు నేలలో కట్ట తెగితే ఏమవుతుందో యానాం దరియాలతిప్ప వాళ్లకి చెప్పనక్కర్లేదు.

యుద్ధం అయ్యాక మిగిలిన వీజిల్స్‌ని శాస్త్రవేత్తలు తీసుకున్నారు. పాల్ ఎమిల్ విక్టర్ నాయకత్వంలోని ఫ్రెంచి బృందం గ్రీన్‌లాండ్‌కి తీసుకెళ్లింది. నార్వే, బ్రిటన్, స్వీడన్ కలిసి చేసిన అంటార్కిటికా యాత్రలో 1951 ఫిబ్రవరిలో ఘోరం జరిగింది. పొగమంచులో ఒక వీజిల్ మంచు అంచు దాటి సముద్రంలో పడిపోయింది. నలుగురిలో ముగ్గురు పోయారు. నాలుగో అతను ఈదుకుంటూ ఒక మంచుపలక ఎక్కి, గంటల తరబడి దాని మీద తేలుతూ ప్రాణాలు దక్కించుకున్నాడు.

కొడుకుని పోగొట్టుకున్న మెకానిక్

కెనడాలో క్యూబెక్ రాష్ట్రం, వాల్‌కూర్ అనే చిన్న ఊరు. 1934 చలికాలంలో జోసెఫ్ అర్మాన్ బొంబార్డియే అనే మెకానిక్ రెండేళ్ల కొడుక్కి కడుపులో పేగు వాచింది. రోడ్లన్నీ మంచుతో మూసుకుపోయాయి. ఆసుపత్రికి చేర్చే బండి లేదు. పిల్లవాడు దక్కలేదు. ఆయన అప్పటికే మంచుబండి మీద ప్రయోగాలు చేస్తున్నాడు. రబ్బరు తొడిగిన పళ్ల చక్రం, దాని మీద నడిచే పట్టా కుదిరి 1937లో పేటెంటు వచ్చింది. డాక్టర్లు, బడిపిల్లలు, ఉత్తరాలు మోసే బండ్లుగా మొదలై, యుద్ధం రాగానే సైన్యానికీ చేశాడు. 1946లో కెనడా సైన్యం ఆ రకం కవచ బండ్లతోనే చర్చిల్ అనే ఊరి నుంచి ఉత్తరధ్రువ వలయం మీదుగా ఎడ్మంటన్ దాకా దాదాపు 5,000 కిలోమీటర్ల యాత్ర చేసింది. ఇప్పుడు కశ్మీరులో పర్యాటకులు ఎక్కి తిరిగే స్నో స్కూటర్ల కుటుంబంలో 1959 నాటి ఆయన స్కీడూ ఒక పెద్దన్న. యుద్ధంలో పుట్టిన బండి కాదిది. ఒక తండ్రి దుఃఖం దీన్ని ముందుకు నెట్టింది. ఈ వరసలో నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించే కథ ఇదే.

జోజిలా మీద మంచు, కింద మద్రాస్ సాపర్లు

మంచు కోసం చేయని పట్టా బండిని మంచులోకి ఎక్కించి గెలిచింది మన సైన్యం. 1948లో పాకిస్తాన్‌తో కశ్మీరు యుద్ధంలో లదాఖ్ దారికి తాళంచెవి లాంటి జోజిలా కనుమ శత్రువు చేతిలో ఉంది. ఎత్తు 3,500 మీటర్లు. జనరల్ తిమ్మయ్య స్టూవర్ట్ టాంకుల్ని తెప్పించాలని పట్టుబట్టాడు. బలహీనమైన వంతెనలు మోయలేవని, శత్రువు పసిగట్టకూడదని టాంకుల పైభాగాలు విప్పి, కప్పిపెట్టి, బాల్‌తల్ దాకా తెచ్చారు. అక్కడి నుంచి కనుమ దాకా ఉన్న కంచరగాడిదల బాటని టాంకు పట్టే రోడ్డుగా మార్చింది మద్రాస్ సాపర్లు. తెలుగు జిల్లాల కుర్రాళ్లు తరతరాలుగా చేరుతున్న దళం అది. నవంబరు 1న మంచు కురుస్తుండగా 7వ కావల్రీ టాంకులు రాజిందర్ సింగ్ స్పారో ఆధ్వర్యంలో కనుమ దాటాయి. అంత ఎత్తులో అంతకు ముందు టాంకు యుద్ధం చేసి ఎరగదు. నవంబరు ముగిసేలోగా లేహ్‌కి దారి తెరుచుకుంది.

ధ్రువానికి వెళ్లిన పొలం ట్రాక్టరు

1958 జనవరి 4న ఎడ్మండ్ హిల్లరీ దక్షిణధ్రువం చేరింది దేని మీదో తెలుసా? ఫెర్గూసన్ పొలం ట్రాక్టర్ల మీద. టైర్ల మధ్య అదనంగా ఒక చక్రం పెట్టి, అన్నిటి మీదుగా పట్టా తొడిగారు. మన ఊళ్లలో మాసీ అంటే తెలియని రైతు ఉండడు. ఆ మాసీ ఫెర్గూసన్ పేరులో రెండో సగం ఈ ట్రాక్టరు కుటుంబానిదే. 1960ల నుంచి చెన్నై టాఫే కంపెనీ ఇక్కడ ఆ ట్రాక్టర్లు చేస్తోంది.

ఆ ఏడాదే వివియన్ ఫుక్స్ బృందం నాలుగు పట్టాల టక్కర్ స్నోక్యాట్‌లతో అంటార్కిటికాని ఒక ఒడ్డు నుంచి మరో ఒడ్డుకి 99 రోజుల్లో దాటింది. అక్కడున్న మన మైత్రి, భారతి కేంద్రాల్లో సామాను లాగేవి జర్మనీ పిస్టెన్‌బుల్లీ పట్టా బండ్లు.

రెండు పెట్టెల బండి

స్వీడన్‌ది వేరే ఆలోచన. ఒక పెద్ద బండి బదులు రెండు చిన్న పెట్టెల్ని మధ్యలో కీలుతో కలిపారు. వెనక పెట్టె పట్టాలకి కూడా ఇంజను బలం అందుతుంది. ముందుది గుంటలో దిగితే వెనకది నెడుతుంది, వెనకది చిక్కుకుంటే ముందుది లాగుతుంది. 1960ల్లో వోల్వో చేసిన బీవీ 202, తరవాత హాగ్‌లుండ్స్ చేసిన బీవీ 206 ఈ రకమే. 206లు 11,000కి పైగా తయారయ్యాయి. 1982లో ఫాక్లాండ్స్ యుద్ధంలో చక్రాల బండ్లు దిగబడిపోయిన ఊబినేలలో బ్రిటిష్ మెరీన్లకి అక్కరకొచ్చింది 202లే. దీని తమ్ముడు బీవీఎస్ 10 అఫ్గానిస్థాన్ ఎడారి దాకా వెళ్లింది.

ఎద్దుమైలారం నుంచి లదాఖ్‌కి

ఎద్దుమైలారంలోని మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీకి 1984 జూలై 19న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఇప్పుడది సంగారెడ్డి జిల్లాలో ఉంది. 1987 నుంచి అక్కడ తయారవుతున్న శరత్ అనే పట్టాల కవచ బండి, రష్యా బీఎంపీ 2కి మన రూపం. 14 టన్నుల బరువు, రోడ్డు మీద గంటకి 65 కిలోమీటర్లు, నీళ్లలో పట్టాలే తెడ్లుగా 7 కిలోమీటర్ల ఈత. 2023 జనవరిలో త్రివిధ దళాల ఆంఫెక్స్ విన్యాసం యానాంకి ముప్పై కిలోమీటర్ల దూరంలోని కాకినాడ తీరంలో జరిగింది. సముద్రం మీంచి దిగే అలాంటి పనికే శరత్‌కి ఈత పెట్టారు. 2020లో ఈ బండ్లే 4,000 మీటర్ల పైన తూర్పు లదాఖ్‌లో మంచులో నిలబడ్డాయి.

అక్కడ బండి నడవడం కన్నా ఆగడం కష్టం. తడినేల మీద రాత్రి నిలిపితే తెల్లారేసరికి పట్టా నేలకి గడ్డకట్టి అతుక్కుంటుంది. అందుకే మొద్దుల మీద ఎక్కించి నిలపడం మంచుదేశాల సైన్యాలన్నిటికీ అలవాటు. మామూలు డీజిలు మైనం పేరుకుని గొట్టాల్లో అడ్డం పడుతుంది. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ లదాఖ్ కోసం ప్రత్యేకంగా చలికాలపు డీజిలు తెచ్చింది. మైనస్ 33 డిగ్రీల దాకా అది గడ్డకట్టదు.

ఇక అసలైన మంచుబండి మన దేశంలోనే తయారుకాబోతోంది. 2025లో భారత సైన్యానికి బీవీఎస్ 10 రకం సరఫరా చేసే ఒప్పందం ఎల్ అండ్ టీకి దక్కింది. గుజరాత్‌లోని హజీరాలో కడతారు. పేరు సింధు. హిమాలయాల మంచుకి ఎంతో, కచ్ రణ్ చిత్తడికీ అంతే పనికొస్తుందని దాన్ని ఎంచుకున్నారు.