జీహెచ్‌ఎంసీ 2025-26 బడ్జెట్ రూ.8,440 కోట్లు.. మరి మీ గల్లీకి ఎంత? సికింద్రాబాద్ జనం అడగాల్సిన ప్రశ్నలివే!

బడ్జెట్ పాసయ్యింది. టీవీల్లో గొడవ చూశాం. కానీ ఆ డబ్బు ఎవరిది, ఎక్కడ ఖర్చవుతుంది, అందులో మన మాటకు చోటుందా? సింపుల్‌గా అర్థం చేసుకుందాం..

2025 జనవరి 30. జీహెచ్‌ఎంసీ కౌన్సిల్ సమావేశం. అరుపులు, చింపిన కాగితాలు, మార్షల్స్ ఎంట్రీ.. ఆ రసాభాస మధ్యే 2025-26 బడ్జెట్‌కు ఆమోదం పడింది. మొత్తం రూ.8,440 కోట్లు. అంతకుముందు ఏడాది బడ్జెట్ రూ.7,937 కోట్లు. అంటే దాదాపు రూ.500 కోట్లు పెరిగింది. వీడియోలు వైరల్ అయ్యాయి కానీ అసలు లెక్కల మీద చర్చ మాత్రం పెద్దగా జరగలేదు.

ఇంతకీ ఆ లెక్కలు మనకెందుకు అంటారా? మీ ఇంటి ముందు వీధి దీపం, చెత్త బండి, వర్షం పడితే పొంగే నాలా, పిల్లలు ఆడుకునే పార్కు.. ఇవన్నీ ఆ పుస్తకంలోనే ఉంటాయి మరి.

ముందు ఇది తేల్చుకోండి.. మీరు ఎవరి పరిధిలో ఉన్నారు?

సికింద్రాబాద్‌లో ఇదే పెద్ద తికమక. మోండా మార్కెట్, సీతాఫల్‌మండి, మెట్టుగూడ, తార్నాక వైపు ఉంటే మీది జీహెచ్‌ఎంసీ. అదే కార్ఖానా, పికెట్, తిరుమలగిరి, బొల్లారం వైపు వెళ్తే చాలా కాలనీలు కంటోన్మెంట్ బోర్డు కిందకు వస్తాయి. అది రక్షణ శాఖ పరిధి. దాని చట్టం వేరు, బడ్జెట్ వేరు, పన్ను కట్టే కౌంటరూ వేరు.

ఒకప్పుడు సికింద్రాబాద్‌కి సొంత మున్సిపల్ కార్పొరేషన్ ఉండేదని ఇప్పటి కుర్రాళ్లలో చాలామందికి తెలియదు. 1960లో అది హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. 2007లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కూడా కలిసి జీహెచ్‌ఎంసీ పుట్టింది. 2025లో 150 డివిజన్లు ఉండేవి. అందుకే మన గల్లీ సమస్య ఇంత పెద్ద పుస్తకంలో ఎక్కడో ఒక మూలకి వెళ్లిపోతుంది.

ఇంకో మాట. నల్లా నీళ్లు రావట్లేదని జీహెచ్‌ఎంసీ బడ్జెట్‌లో వెతికితే దొరకదు. నీళ్లు, మురుగునీటి పైపులు జలమండలి చూస్తుంది. కరెంటు డిస్కమ్‌ది. రోడ్లు, వరద కాలువలు, చెత్త, వీధి దీపాలు, దోమల మందు, రూ.5 భోజనం.. ఇవి జీహెచ్‌ఎంసీవి.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

మొదటి పెద్ద వాటా మన జేబులోంచే. అదే ఆస్తి పన్ను. ఇల్లు కట్టుకునేవాళ్లు చెల్లించే పర్మిషన్ ఫీజులు, ట్రేడ్ లైసెన్సులు కూడా ముఖ్యమైనవే. వీటికి ప్రభుత్వ గ్రాంట్లు, అప్పులు తోడవుతాయి. 2018 ఫిబ్రవరిలో జీహెచ్‌ఎంసీ బాండ్లు జారీ చేసి రూ.200 కోట్లు తెచ్చింది. అప్పు అంటే వడ్డీ కట్టాలి కదా.. అదీ ప్రతి ఏటా ఈ బడ్జెట్‌లోంచే పోవాలి.

మీ పన్ను ఎలా లెక్కేస్తారో ఒక ఉదాహరణ చూడండి. 1,000 చదరపు అడుగుల ఇల్లు, మీ కాలనీలో చదరపు అడుగుకు నెల అద్దె విలువ 1 రూపాయి అనుకుందాం. నెలకు రూ.1,000, ఏడాదికి రూ.12,000. నెల విలువ రూ.300 దాటితే ఇళ్లకు పన్ను 30 శాతం, అంటే రూ.3,600. కొత్త ఇల్లయితే 10 శాతం తరుగుదల తీసేస్తే రూ.3,240. దాని మీద 8 శాతం గ్రంథాలయ సెస్సు. మొత్తం సుమారు రూ.3,500. సెస్సు డబ్బు గ్రంథాలయాలకు వెళ్లాలి. మీ ఏరియా లైబ్రరీ పరిస్థితి ఏంటో అడగడానికి అందుకే మీకు హక్కుంది!

లేటైతే నెలకు 2 శాతం పెనాల్టీ. ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం రాయితీ.

రూ.8,440 కోట్లు చేతిలో ఉన్నట్టేనా?

కాదు. ఇక్కడే చాలామంది పొరపడతారు. బడ్జెట్ అంటే అంచనా మాత్రమే. అనుకున్న పన్ను రాకపోతే, గ్రాంటు రాకపోతే పనులు ఆగుతాయి. బిల్లులు రావట్లేదంటూ కాంట్రాక్టర్లు రోడ్డెక్కిన సందర్భాలు మనం చూశాం. టెండరు అయిన రోడ్డు సగంలో ఆగిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

అందుకే పుస్తకం చూసేటప్పుడు ఒక్క అంకె చూసి వదిలేయకండి. మూడు చూడండి.. నిరుడు నిజంగా ఎంత ఖర్చయింది, ఈ ఏడాది సవరించిన అంచనా ఎంత, వచ్చే ఏడాదికి ఎంత రాశారు. పార్కులకు రాసింది ఎక్కువ, ఖర్చు పెట్టింది తక్కువ అని తేలితే, అదే మీ ప్రశ్న.

మరి జనం అభిప్రాయం ఎప్పుడు అడుగుతారు?

నిజం చెప్పాలంటే.. ప్రత్యేకంగా అడగరు. కమిషనర్ ముసాయిదా తయారు చేస్తారు. 15 మంది కార్పొరేటర్లున్న స్టాండింగ్ కమిటీ చూస్తుంది. తర్వాత కౌన్సిల్. అక్కడి నుంచి ప్రభుత్వానికి. చట్టం ప్రకారం ఈ ప్రక్రియ నవంబరులో మొదలై ఫిబ్రవరిలోగా ముగియాలి. ఇందులో మన తరఫున మాట్లాడేది కార్పొరేటరే. కౌన్సిల్‌లో గొడవతో చర్చ ఆగిపోతే, ఆగిపోయేది మన గొంతే.

మూడు లక్షలు దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణ చెబుతోంది. మీ డివిజన్‌లో ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో ఒకసారి అడిగి చూడండి.

బయట ఏం చేస్తున్నారంటే.. పుణెలో 2006 నుంచి జనమే తమ వార్డుకు కావాల్సిన చిన్న పనులు రాసిచ్చే పద్ధతి ఉంది. ముంబై కార్పొరేషన్ 2023-24 బడ్జెట్‌కు ముందు ప్రజల నుంచి సూచనలు పిలిచింది. ఈ ఆలోచనకు పేరు తెచ్చింది బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే నగరం, 1989లోనే.

కంటోన్మెంట్‌లో అయితే ఇంకో కథ!

8 వార్డులున్న సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో చివరి ఎన్నికలు 2015 జనవరిలో జరిగాయి. ఎన్నికైన బోర్డు గడువు 2021 ఫిబ్రవరితో ముగిసింది. 2023 ఏప్రిల్ 30న ఎన్నికలన్నారు, నోటిఫికేషన్ వెనక్కి తీసుకున్నారు. అప్పటి నుంచి ఆర్మీ అధికారి అధ్యక్షుడు, సీఈవో, ఒక నామినేటెడ్ సభ్యుడు.. వీళ్లే నడిపిస్తున్నారు. 2011 లెక్కల ప్రకారమే రెండు లక్షలు దాటిన జనాభాకు బడ్జెట్‌పై ఓటేసే ఒక్క ఎన్నికైన వార్డు మెంబరూ లేరన్నమాట. సివిల్ ఏరియాలను జీహెచ్‌ఎంసీలో కలిపేందుకు 2024 జూన్‌లో కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్నా, పని ఇంకా పూర్తి కాలేదు.

అయితే ఒక్క తలుపు తెరిచే ఉంది. 2006 కంటోన్మెంట్ల చట్టం ప్రకారం కొత్త పన్ను ప్రతిపాదిస్తే ముందు నోటీసు ఇవ్వాలి. అక్కడి వాళ్లు ఎవరైనా 30 రోజుల్లో అభ్యంతరం రాసివ్వొచ్చు. పన్ను మీద అడుగుతారు, ఖర్చు మీద మాత్రం అడగరు!

ఇప్పుడు మీరేం చేయొచ్చు?

- కాలనీ సంఘం తరఫున మూడే పనులు రాయండి. ఎక్కడ, ఎంత పొడవు, ఎవరికి ఇబ్బంది అన్నది స్పష్టంగా ఉండాలి. ఫొటో జత చేయండి.
- ముసాయిదా తయారయ్యే అక్టోబరు, నవంబరుకు ముందే కార్పొరేటర్‌కు, సర్కిల్ ఆఫీసుకు ఇవ్వండి. ఫిబ్రవరిలో ఇస్తే బస్సు వెళ్లిపోయాక స్టాండుకు వచ్చినట్టే.
- రిసీవ్డ్ ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.
- సోమవారం ప్రజావాణి ఉంది. రోజువారీ ఫిర్యాదులకు 040-21111111.

పన్ను కట్టిన రసీదు అందరూ దాచుకుంటాం. ఈసారి ఆ రసీదు పక్కనే మీ గల్లీ డిమాండ్ కాపీ కూడా దాచుకోండి. వచ్చే బడ్జెట్ వచ్చినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.