ఇంటిలో నిలిచిన ఆలయ పండుగ

యోహాను సువార్త 10:22లో ఆలయ ప్రతిష్ఠిత పండుగను గూర్చి చదువుతాము. యూదులు దీనినే హనుక్కా అంటారు.

క్రీ.పూ. 167లో అంతియొకస్ రాజు యెరూషలేము దేవాలయాన్ని అపవిత్రపరచాడు. క్రీ.పూ. 164లో యూదా మక్కబీ, అతని సహోదరులు దానిని శుద్ధిచేసి తిరిగి ప్రతిష్ఠించారు. ఒక్క దినానికి సరిపడే నూనె ఎనిమిది దినాలు వెలిగిందని యూదుల తల్మూదు చెబుతుంది. క్రీ.శ. 70లో రోమీయులు ఆ ఆలయాన్ని కూల్చివేశారు. ఆలయమే లేనప్పుడు ఆలయ పండుగ ఎక్కడ నిలిచింది? ఇంటిలో నిలిచింది!

సాయంకాలం కుటుంబమంతా తొమ్మిది దీపాల దీపవృక్షము దగ్గర చేరుతుంది. మొదటి రాత్రి ఒకటి, రెండవ రాత్రి రెండు, ఇలా ఎనిమిది వరకు వెలిగిస్తారు. తొమ్మిదవది సేవకుని దీపం. మిగిలినవాటిని దానితోనే వెలిగిస్తారు. దారిన పోయేవారికి కనబడేలా కిటికీలో ఉంచుతారు. నూనెకు గుర్తుగా బంగాళదుంప తురుముతో అట్లు, లోపల జామ్ పెట్టిన తీపి బన్నులు నూనెలో వేయించి తింటారు.

పిల్లలు డ్రైడెల్ అనే నాలుగు పలకల బొంగరం తిప్పుతారు. దానిమీద ఉండేవి మన 119వ కీర్తనలో కనిపించే అక్షరాలే. గీమెల్ పడితే మధ్యలోని నాణేలన్నీ వానివి, హే పడితే సగం, నూన్ పడితే ఏమీ రాదు, షీన్ పడితే ఒకటి తిరిగి పెట్టాలి. “అక్కడ గొప్ప అద్భుతం జరిగింది” అనే హెబ్రీ వాక్యంలోని మొదటి అక్షరాలివి. ఆటలోనే పాఠం!

తల్లిదండ్రులారా, ఆదివారం గుడిలో విన్నది సోమవారం మన ఇంటిలో వినబడుతున్నదా? బిడ్డలు సండేస్కూలులో మాత్రమే నేర్చుకుంటే చాలదు. ఈ రాత్రి టీవీ ఆపి, వారిని దగ్గర కూర్చోబెట్టుకొని దేవుడు మీ కుటుంబానికి చేసిన ఒక మేలు చెప్పండి. ప్రభువు మీ గృహములను దీవించును గాక! ఆమేన్.